జీపు స్టీరింగు ఎలా తేలికైంది?

మన సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాయమని సంపాదకవర్గం వారు కోరినప్పుడు నాకు తట్టిన విషయం పెన్షను గురించి గాని, పి.ఆర్.సి. బకాయిల గురించి గాని కాదు. వాటి గురించి నాకన్నా బాగా వ్రాయగల మిత్రులు మనలో చాలామంది ఉన్నారు. నేను సర్వీసులో కొంతకాలం ప్రభుత్వ వాహనాల లాగ్‌బుక్కులు, మరమ్మతు బిల్లులు, కండెమ్ ఫైళ్ళు చూసే సీటులో పనిచేశాను. అందుచేత మన పాత ఆఫీసు జీపు గురించి, అందులోనూ దాని స్టీరింగు గురించి నాలుగు మాటలు వ్రాస్తున్నాను. చూడటానికి ఇది చిన్న విషయమే. కాని మన డ్రైవరు సోదరులు ముప్పై ఏళ్ళపాటు భుజాలతో లాగిన బరువు ఇందులో ఉంది. ఆ బరువు తగ్గించే సాధనం మన పాత బళ్ళకు కంపెనీ షోరూములలో నుంచి రాలేదు, తుక్కు కొట్లలో నుంచి వచ్చింది. అది ఎలా జరిగిందో, అందులో మేలెంతో, ప్రమాదమెంతో చెప్పడమే నా ఉద్దేశం.

కాలువ గట్లు, లాకుల మలుపులు

కాటన్ దొర 1847లో ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలుపెట్టారు. 1852 నాటికి అది పూర్తయింది. ఆ తరువాత చాలాకాలం మన ఉభయ గోదావరి జిల్లాలలో ప్రయాణమంటే కాలువ ప్రయాణమే. పడవకు చుక్కాని పట్టినవాడే ఆనాటి డ్రైవరు. తరువాత వచ్చిన రోడ్లలో చాలా భాగం ఆ కాలువ గట్ల మీదనే పడ్డాయి. గట్టు రోడ్డు స్వభావం మనకందరికీ తెలిసిందే. మైళ్ళ తరబడి నీటి వెంబడి తిన్నగా పోతుంది. లాకుల దగ్గరో, వంతెన దగ్గరో ఒక్కసారిగా మూలమట్టంగా తిరుగుతుంది. ఒక పక్క కాలువ, మరో పక్క పల్లంలో వరిచేను. ఎదురుగా గడ్డిబండి వస్తే వెనక్కి తగ్గి దారి ఇవ్వాలి.

ఇరిగేషను వారి జీపు గట్టు మీద నుంచి తిరిగి రావాలంటే, ఆ ఇరుకులోనే ముందుకు ఇంత, వెనక్కి ఇంత జరుపుకొంటూ బండిని తిప్పుకోవాలి. నడుస్తున్న బండికి స్టీరింగు తిప్పడం ఒక ఎత్తు, నిలబడిన బండికి తిప్పడం మరో ఎత్తు. చక్రం దొర్లుతూ ఉంటే టైరు సులువుగా పక్కకు మళ్ళుతుంది. నిలబడి ఉంటే నేలను రాసుకుంటూ మళ్ళాలి. ఆ రాపిడి అంతా డ్రైవరు చేతులకే వస్తుంది. నరసాపురం-సఖినేటిపల్లి రేవులో గాని, కోటిపల్లి-ముక్తేశ్వరం రేవులో గాని బండిని పంటు మీదికి ఎక్కించిన వారికి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. రెండు చెక్కల మీద అంగుళం అంగుళం జరుపుతూ, చక్రాన్ని రెండు చేతులా లాగాలి. 2002లో వంతెన వచ్చేవరకు యానాం-ఎదుర్లంక దగ్గర కూడా ఇదే తంతు.

1986 ఆగస్టు వరదలో ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 35 లక్షల క్యూసెక్కులు దాటింది. ఆ రోజుల్లో గట్ల మీద తిరిగిన జీపులను, 1996 నవంబరు 6 తుఫాను తరువాత కోనసీమలో కూలిన కొబ్బరిచెట్ల మధ్య దారి చేసుకుంటూ వెళ్ళిన జీపులను ఒకసారి గుర్తు తెచ్చుకోండి. అటువంటి పనులకు వెళ్ళిన అధికారుల పేర్లు ఫైళ్ళలో ఉన్నాయి. బండి నడిపినవారి పేర్లు లాగ్‌బుక్కులలో మాత్రమే ఉన్నాయి, ఆ లాగ్‌బుక్కులు ఎప్పుడో తూకానికి పోయాయి.

జీపు మన ఆఫీసులకు వచ్చిన వైనం

జీపు యుద్ధం కోసం పుట్టిన బండి. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో అమెరికాలో విల్లీస్, ఫోర్డు కంపెనీలు రెండూ కలిసి ఆరు లక్షలకు పైగా జీపులు తయారు చేశాయి. యుద్ధం ముగిశాక సైన్యానికి అక్కరలేని బళ్ళను మన దేశంలోనూ అమ్మేశారు. 1947లో మహీంద్రా వారు విల్లీస్ జీపుల కోసం ఒప్పందం చేసుకున్నారు. 1949లో బొంబాయి మజగాఁవ్‌లో విడిభాగాలు బిగించి మొదటి విడతగా 75 జీపులు తయారు చేశారు. తరువాత విల్లీస్ వారి సి.జె.3బి నమూనా మన దేశపు జీపుగా స్థిరపడిపోయింది. అమెరికాలో దాని తయారీ 1968లో ఆగిపోయినా, మన దగ్గర దాని వారసులు అనేక మార్పులతో దశాబ్దాలపాటు తయారవుతూనే వచ్చాయి.

1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకం మొదలైంది. 1959లో మన రాష్ట్రంలో పంచాయతీ సమితులు ఏర్పడ్డాయి. బ్లాకు అంటే జీపు, జీపు అంటే బ్లాకు అన్నట్టుండేది. ఊళ్ళోకి జీపు వచ్చిందంటే పిల్లలు వెంట పరుగెత్తేవారు. బి.డి.ఓ. గారు, తహసిల్దారు గారు, ఇరిగేషను ఇంజనీరు గారు, మలేరియా సిబ్బంది, అందరికీ అదే బండి.

ఆ బండి స్టీరింగు అమరిక ఇప్పటి కార్లకు పూర్తిగా భిన్నమైనది. స్టీరింగు చక్రం కింద ఉన్న రాడ్డు చివర మరచుట్టు లాంటి గాడి ఉంటుంది. ఆ గాడిలో ఒక లీవరుకున్న పిన్నులు కూర్చుంటాయి. చక్రం తిప్పితే పిన్నులు గాడి వెంట జరిగి, డ్రాప్ ఆర్మును ముందుకూ వెనక్కూ కదుపుతాయి. అక్కడినుంచి డ్రాగ్ లింకు, ముందు యాక్సిలు మధ్యలో బెల్ క్రాంకు, దానినుంచి రెండు పక్కలా టై రాడ్లు. ఇన్ని కీళ్ళలో ఏ ఒక్కటి అరిగినా స్టీరింగులో ప్లే వస్తుంది. మన జీపులలో అన్నీ అరిగేవి. డ్రైవరు చక్రాన్ని ఇటు రవంత, అటు రవంత ఆడిస్తూ ఉంటేనే బండి తిన్నగా పోయేది. గోతిలో పడితే చక్రం విసురుగా వెనక్కి తిరిగేది. అందుకే పాతకాలపు డ్రైవర్లు కొత్తవారికి మొదట నేర్పిన పాఠం, బొటనవేలు చక్రం ఆకుల లోపల పెట్టవద్దని. పెట్టినవారి వేళ్ళు విరిగిన సందర్భాలున్నాయి.

లాగ్‌బుక్కులో మీటరు రీడింగు వ్రాసేవాళ్ళం, పెట్రోలు లీటర్లు వ్రాసేవాళ్ళం, ఎవరు ఎక్కారో, ఎక్కడికి వెళ్ళారో వ్రాసేవాళ్ళం. డ్రైవరు భుజం నొప్పికి అందులో కాలమ్ లేదు. అది ఏ ఒక్క ఆఫీసు తప్పూ కాదు. నొప్పి అనేది ఆ ఉద్యోగంలో భాగమని అందరమూ అనుకున్నాము, ఆ డ్రైవర్లూ అనుకున్నారు.

ఒక ఇంజనీరు, ఒక పాత కారు

స్టీరింగు బరువు మన ఒక్కరి సమస్య కాదు. ప్రపంచమంతటా లారీ డ్రైవర్లు దానితో కుస్తీ పట్టారు. దానికి పనికివచ్చే విరుగుడు కనిపెట్టినవాడు ఫ్రాన్సిస్ డేవిస్ అనే అమెరికన్ ఇంజనీరు. ఆయన పియర్స్-ఆరో కంపెనీ లారీల విభాగంలో పనిచేశాడు. బరువు లారీలను తిప్పడానికి డ్రైవర్లు పడే పాట్లు అక్కడే చూశాడు. ఉద్యోగం మానేసి, బోస్టన్ దగ్గర వాల్తాం అనే ఊళ్ళో చిన్న వర్క్‌షాపు పెట్టుకుని ప్రయోగాలు చేశాడు. ఇంజను తిప్పే పంపు నుంచి ఒత్తిడితో వచ్చే నూనెను, డ్రైవరు చక్రం ఎటు తిప్పితే అటువైపు సాయపడేలా మళ్ళించాడు. దాన్ని ఏ కొత్త బండికీ బిగించలేదు. అప్పటికే వాడిన 1921 నాటి పియర్స్-ఆరో కారుకు బిగించి, 1926లో పెద్ద కంపెనీలకు నడిపి చూపించాడు.

ఈ సంగతి నాకు చాలా నచ్చింది. పాత బండికి కొత్త స్టీరింగు పెట్టడం మన షెడ్లలోని మేస్త్రీలు కనిపెట్టిన అడ్డదారి అని కొందరు అంటారు. కాని పవర్ స్టీరింగు చరిత్ర మొదలైందే ఒక పాత కారుతో.

జనరల్ మోటార్సు కంపెనీ డేవిస్‌తో ఒప్పందం చేసుకుంది. ఇంతలో ఆర్థికమాంద్యం వచ్చింది. ఖర్చు ఎక్కువ, అమ్మకాలు తక్కువ అని 1934లో వదిలేసింది. యుద్ధం వచ్చాక బరువైన సైనిక వాహనాలకు అది అవసరమైంది. చివరకు 1951లో క్రైస్లర్ కంపెనీ తన ఇంపీరియల్ కారులో పవర్ స్టీరింగు పెట్టి మొదటిసారిగా మామూలు కొనుగోలుదారులకు అమ్మింది. డేవిస్ ప్రయోగం విజయవంతమైన పాతికేళ్ళకు గాని అది బజారుకు రాలేదు. అదైనా ఖరీదైన కార్లకు వచ్చింది. ఆ లారీ డ్రైవర్ల కోసమే డేవిస్ పని మొదలుపెట్టాడన్నది గుర్తుంచుకోవాలి.

మన దేశంలో 1969లో అశోక్ లేలాండ్ వారు వాణిజ్య వాహనాలకు పవర్ స్టీరింగును పరిచయం చేశారు. అయినా అది వెంటనే అన్ని లారీలకూ, బస్సులకూ రాలేదు. 1980లలో పూనాలో జెడ్.ఎఫ్. వారి సాంకేతిక సహకారంతోనూ, తమిళనాడులో రానే గ్రూపు వారి ఆధ్వర్యంలోనూ పవర్ స్టీరింగు కర్మాగారాలు వచ్చాకనే దాని తయారీ ఊపందుకుంది. 1958 జనవరి 11న ఏర్పడిన మన ఆర్.టి.సి.లో పనిచేసిన పాత తరం డ్రైవర్లు చాలామంది, సర్వీసులో అధికభాగం పవర్ స్టీరింగు లేని బస్సులే నడిపారు. ఆ బస్సుల చక్రం అంత పెద్దదిగా ఉండటానికి కారణం కూడా ఇదే. చక్రం ఎంత పెద్దదైతే అంత తక్కువ బలంతో తిప్పవచ్చు. 2020 జనవరి 1 నుంచి ఆర్.టి.సి. ఉద్యోగులు ప్రజా రవాణా శాఖలో ప్రభుత్వోద్యోగులయ్యారు. వారు నడిపే బస్సు, వారి తండ్రుల కాలపు బస్సు ఒక్కటి కావు.

కార్లకైతే 1990లలో గాని పవర్ స్టీరింగు మామూలు కాలేదు. 1995లో డేవూ సియెలో కారు వచ్చినప్పుడు, ఒక వేలితో చక్రం తిప్పవచ్చని జనం వింతగా చెప్పుకున్నారు.

పెట్రోలు జీపు డీజిలైంది, బరువు పెరిగింది

ఇక మన పాత బళ్ళకు అది ఎందుకు అవసరమైందో చూద్దాం. 1973 చివరలో అరబ్బు దేశాల చమురు సంక్షోభం వచ్చింది. పీపా మూడు డాలర్ల ముడి చమురు కొద్ది నెలల్లో పన్నెండు డాలర్ల దగ్గరకు చేరింది. పెట్రోలు ధర మండిపోయింది. అప్పటినుంచి పెట్రోలు జీపు, పెట్రోలు అంబాసిడరు పెట్టుకున్నవారు డీజిలు ఇంజనుకు మారడం మొదలుపెట్టారు. ఆఫీసులు కండెమ్ చేసి వేలంలో అమ్మిన జీపులను రొయ్యల చెరువుల వారు, కొబ్బరి వ్యాపారులు, పాడి రైతులు కొనుక్కొని ముందుగా చేయించిన పని ఇదే. ట్రాక్టరు ఇంజనో, పెర్కిన్స్ ఇంజనో, మాటడోర్ వ్యాను ఇంజనో తెచ్చి బిగించేవారు.

డీజిలు ఇంజను పెట్రోలు ఇంజనుకన్నా గట్టిగా, బరువుగా ఉంటుంది. ఆ బరువంతా ముందు చక్రాల మీద పడింది. పైగా పాత సన్న టైర్లు పోయి వెడల్పు టైర్లు వచ్చాయి. టైరు వెడల్పయిన కొద్దీ నేలను పట్టుకునే మేర పెరుగుతుంది. ఇంధనం ఖర్చు తగ్గిందని యజమాని సంతోషించాడు, చక్రం తిప్పేవాడికి మాత్రం బరువు పెరిగింది. పవర్ స్టీరింగు అవసరం ఆ విధంగా మన దగ్గర డీజిలుతో పాటే వచ్చింది.

తుక్కులోంచి వచ్చిన సాయం

1960లలో మొదలైన విజయవాడ ఆటోనగర్ గురించి తెలియని వాహన యజమాని కోస్తాలో ఉండడు. ప్రమాదంలో పడిన బళ్ళు, కాలం తీరిన బళ్ళు విప్పి, ఏ భాగానికి ఆ భాగం విడదీసి అమ్మే కొట్లు అక్కడ వరుసగా ఉంటాయి. రాజమండ్రి, కాకినాడ, భీమవరం, తణుకు షెడ్లలో పనిచేసే మేస్త్రీలకు అదే పెద్ద బజారు. 2000 తరువాత బొలెరో, టాటా సుమో వంటి బళ్ళు పాతబడి విడిపోవడం మొదలయ్యాక, వాటి పవర్ స్టీరింగు బాక్సులు, పంపులు ఆ కొట్లలోకి వచ్చాయి. కొత్తవి కొనాలంటే పాత జీపు ధరలో సగమయ్యేవి. విప్పినవి అందుబాటు ధరకు దొరికాయి.

పని ఎలా ఉంటుందో మిత్రులు అర్థం చేసుకోవడానికి క్లుప్తంగా చెబుతాను. పాత జీపులో స్టీరింగు రాడ్డు, బాక్సు లోపలి మరచుట్టు ఒకే ముక్క. కనుక రాడ్డును ఉన్నపళాన ఉంచి బాక్సు మాత్రం మార్చడం కుదరదు. పాత బాక్సు తీసివేసి, కొత్త బాక్సును ఛాసీకి దళసరి ఇనుప ప్లేటుతో బిగించాలి. చక్రానికీ బాక్సుకూ మధ్య రెండు క్రాసులున్న చిన్న షాఫ్టు పెట్టాలి. ఇంజను ముందుభాగంలో పంపు కూర్చోబెట్టి, బెల్టు తిన్నగా పోయేలా పుల్లీలు సరిచూడాలి. పంపు నుంచి బాక్సుకు ఒత్తిడి పైపు, బాక్సు నుంచి ఆయిలు డబ్బాకు తిరుగు పైపు వేయాలి. ఒత్తిడి పైపులో ఆయిలు చదరపు అంగుళానికి వెయ్యి పౌండ్లకు పైగా ఒత్తిడితో వస్తుంది.

ఇందులో ఒక తమాషా ఉంది. కొన్ని బళ్ళలో డ్రాప్ ఆర్ము ముందుకు తిరిగి ఉంటుంది, కొన్నింటిలో వెనక్కి తిరిగి ఉంటుంది. అది చూడకుండా బాక్సు తెచ్చి బిగిస్తే చక్రం కుడికి తిప్పితే బండి ఎడమకు పోతుంది. అందుకే తెలిసిన మేస్త్రీ కొట్లో బాక్సు చేతిలోకి తీసుకోగానే మొదట ఆర్ము ఎటు కదులుతుందో తిప్పి చూస్తాడు. ధర సంగతి తరువాతే.

ఈ అమరికలో గొప్ప గుణం ఒకటుంది. పంపు పాడైనా, బెల్టు తెగినా, చక్రానికీ టైర్లకూ మధ్య ఇనుప లంకె అలాగే ఉంటుంది. స్టీరింగు బరువెక్కుతుంది గాని చేయి దాటిపోదు.

ఆ తరువాత ఇంకో మార్గం వచ్చింది. 1988లో జపానులో సుజుకి వారి సెర్వో అనే చిన్న కారులో విద్యుత్ మోటారుతో నడిచే స్టీరింగు మొదటిసారి వచ్చింది. 2000 ప్రాంతం నుంచి మన చిన్న కార్లలోనూ అది మామూలైంది. ఆ కార్లు తుక్కులోకి వచ్చాక, మోటారుతో సహా వాటి స్టీరింగు రాడ్డును తెచ్చి పాత జీపులకు, అంబాసిడర్లకు బిగించడం మొదలైంది. ఆయిలు లేదు, పంపు లేదు, ఇంజను మీద బరువు లేదు. కాని బ్యాటరీ మీద బరువుంది. గట్టిగా తిప్పినప్పుడు ఆ మోటారు పదుల ఆంపియర్ల కరెంటు లాగుతుంది. పాతకాలపు డైనమో దానికి చాలదు. మంచి ఆల్టర్నేటరు, గట్టి వైరు, సరైన ఫ్యూజు కావాలి. బండి వేగం ఎంతో ఆ మోటారు పెట్టెకు తెలియాలి. వేగం పెరిగిన కొద్దీ అది సాయం తగ్గించుకుంటుంది. పాత జీపులో ఆ సంకేతం ఇచ్చే సాధనమే ఉండదు. ఏదో ఒక స్థిరమైన సంకేతం ఇచ్చి సరిపెడితే, కాలువ మలుపులో ఉన్నంత తేలికగా హైవే మీద కూడా ఉంటుంది. అరవై కిలోమీటర్ల వేగంలో తుమ్ము వచ్చి చెయ్యి కదిలినా బండి పక్కకు పోతుంది.

పాతది ఏది, కొత్తది ఏది?

నా ఉద్దేశంలో అసలు ప్రశ్న ఇదే. తుక్కు భాగాలన్నీ చెడ్డవనడం సరికాదు. ఇనుప బాక్సు ఒక బండిలో పదేళ్ళు పనిచేసినంత మాత్రాన దాని ఆయుష్షు తీరిపోదు. అలాగని దొరికినవన్నీ బిగించడమూ సరికాదు. ఇంజను ఆగితే బండి రోడ్డు పక్కన నిలుస్తుంది. స్టీరింగు తెగితే బండి కాలువలో ఉంటుంది.

మంచి షెడ్లలో పాటించే పద్ధతి ఇలా ఉంటుంది. బాక్సు, పంపు పాతవి కావచ్చు, కాని విప్పి, కడిగి, లోపలి సీళ్ళన్నీ కొత్తవి వేయాలి. షాఫ్టు మీద రంగు ద్రావకం పూసి వెంట్రుకవాసి పగుళ్ళున్నాయేమో చూడాలి. ఒత్తిడి పైపులు, బాల్ జాయింట్లు, బెల్టు, బోల్టులు ఎప్పుడూ కొత్తవే కావాలి. ఇవి పాతవి కొని మిగుల్చుకునే డబ్బు అతి తక్కువ, తెచ్చిపెట్టే ముప్పు అతి ఎక్కువ.

అన్నిటికన్నా ముఖ్యం, స్టీరింగు షాఫ్టును కోసి రెండు ముక్కలను మామూలు వెల్డింగుతో అతకకూడదు. పైకి అతుకు నున్నగా కనిపిస్తుంది. వేల సార్లు అటూ ఇటూ మెలితిరిగాక ఒకనాడు అక్కడే తెగుతుంది. ముందుగా ఏ సూచనా ఇవ్వదు. రెండు పక్కలా పళ్ళు సరిపోయే స్లీవును లేతు మీద ఒకే ముక్కగా చేయించి, బోల్టుతో బిగించాలి. ఛాసీకి బాక్సు బిగించే చోట లోపలి పక్క కూడా దన్ను ప్లేటు వేయాలి. పవర్ స్టీరింగు లాగే బలానికి పాత జీపు పలుచని ఛాసీ అక్కడే చీలుతుంది. చివరగా, ముందు యాక్సిలు వాలును సరిచేయాలి. లేకపోతే మలుపు తిరిగాక చక్రం తనంతట తాను తిన్నబడదు. వెనకటి జీపులో మలుపు తరువాత చక్రం గిర్రున తిరిగివచ్చే అలవాటున్న డ్రైవరుకు ఇది చాలా ప్రమాదం.

ఈ పద్ధతి ఏ పుస్తకంలోనూ చూసి నేర్చుకున్నది కాదు. షెడ్డు నుంచి షెడ్డుకు, మేస్త్రీ నుంచి కుర్రవాడికి నోటిమాటగా వచ్చింది. దాని బలమూ అదే, బలహీనతా అదే. మంచి చేతిలో పడిన బండి ఇరవై ఏళ్ళు నడుస్తుంది. తొందర చేతిలో పడిన బండి ఎప్పుడేమవుతుందో చెప్పలేము. పైకి రెండు బళ్ళూ ఒకేలా తేలికగా తిరుగుతాయి.

చట్టం మాట

1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, ఆర్.సి.లోని వివరాలు తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ నియమాన్ని గట్టిగా చెప్పింది. కనుక ఎవరైనా ఇటువంటి పని తలపెడితే, ముందుగా ఆర్.టి.ఓ. ఆఫీసులోనూ, ఇన్సూరెన్సు కంపెనీలోనూ అడిగి, వ్రాతపూర్వకంగా జవాబు తీసుకోవడం మంచిది. కాగితం విలువ మన ఉద్యోగులకు వేరే చెప్పాలా?

2021లో కేంద్రం పాత వాహనాల కోసం ప్రత్యేక నియమాలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషను నుంచి 50 ఏళ్ళు దాటి, వ్యాపారానికి వాడని, ఛాసీ, బాడీ, ఇంజను విషయంలో పెద్ద మార్పులు లేకుండా మూలరూపంలో ఉన్న బళ్ళను వింటేజ్ వాహనాలుగా నమోదు చేయించుకోవచ్చు. అంటే ఇంట్లో 1950, 60ల నాటి జీపు ఉన్నవారు ఒక నిర్ణయానికి రావలసి ఉంటుంది. అది చరిత్రగా నిలవాలా, పనిబండిగా తిరగాలా? చరిత్రగా నిలవాలంటే ఛాసీని కోయకుండా, చిల్లులు పెట్టకుండా ఉండాలి. తేలికపరచక తప్పదనుకుంటే, విప్పితే మళ్ళీ పాతరూపం వచ్చేలా బోల్టులతోనే పని చేయించి, తీసిన పాత బాక్సును గ్రీజు పూసి, గోనెలో చుట్టి అటక మీద దాచుకోవాలి.

ఇంకొక మార్పు కూడా వచ్చింది. 2023 ఏప్రిల్ 1 నుంచి, 15 ఏళ్ళు దాటిన ప్రభుత్వ వాహనాలకు రిజిస్ట్రేషను పొడిగించడం లేదు. అవి గుర్తింపు పొందిన తుక్కు కేంద్రాలకు పోవలసిందే. ఆఫీసు వేలంలో జీపు కొని, దానికి మరో జన్మ ఇచ్చే పాత ఆనవాయితీకి దీనితో తెరపడినట్టే. పొగ, ప్రమాదాలు తగ్గించడానికి ఇది అవసరమే, కాదనను. 2014లో అంబాసిడరు కారు తయారీ కూడా ఆగిపోయింది. ఆఖరి సంవత్సరాల అంబాసిడర్లలో పవర్ స్టీరింగు కూడా దొరికింది గాని, అప్పటికే జనం వేరే కార్లకు మళ్ళిపోయారు.

మిత్రులకు మనవి

2022 ఏప్రిల్‌లో మన ఉభయ గోదావరి జిల్లాలు అనేక జిల్లాలుగా విడిపోయాయి. ఆఫీసుల ముందు తెల్ల కార్లు నిలబడుతున్నాయి. వాటి చక్రాన్ని పదేళ్ళ పిల్లవాడైనా తిప్పగలడు. ఈ సుఖం ఒక్కరోజులో రాలేదని, దీని వెనుక వాల్తాం ఇంజనీరు నుంచి భీమవరం షెడ్డు కుర్రవాడి వరకు ఎందరిదో పని ఉందని గుర్తుంచుకుంటే చాలు.

మన సంఘంలో రిటైరైన డ్రైవరు సోదరులు ఉన్నారు. కుడి భుజం పైకి లేవనివారు, మెడపట్టీ వేసుకొని నెలవారీ సమావేశానికి వచ్చేవారు వారిలో ఉన్నారు. వారి సర్వీసు రిజిస్టరులో సెలవులున్నాయి, ఇంక్రిమెంట్లున్నాయి. ఏ బండి ఎన్నేళ్ళు నడిపారు, దాని స్టీరింగు ఎలా ఉండేది, ఏ వరదలో ఏ గట్టు మీద నుంచి ఎవరిని తీసుకువచ్చారు అన్నది ఎక్కడా లేదు. వారి దగ్గర కూర్చొని ఆ వివరాలు వ్రాసి పెట్టమని యువ సభ్యులను, అంటే అరవై ఐదేళ్ళ లోపు వారిని, కోరుతున్నాను. వచ్చే సంచికలో కొన్ని పేజీలు వాటికి కేటాయించమని సంపాదకవర్గం వారికి నా మనవి.

అలాగే ఇంట్లో పాత జీపుగాని, అంబాసిడరుగాని ఉంచుకున్న మిత్రులు దాని స్టీరింగు కీళ్ళను ఏడాదికొకసారైనా మంచి మేస్త్రీకి చూపించండి. పవర్ స్టీరింగు పెట్టించినవారు షాఫ్టులో వెల్డింగు అతుకు ఉందేమో ఈ వారమే చూసుకోండి. ఉంటే అది మార్పించేదాకా బండి బయటికి తీయవద్దు.

అందరికీ ఆయురారోగ్యాలు కోరుతూ, శెలవు.